కిండర్‌గార్టెన్‌కి ఈ ఏడాది పంపాలా, ఇంకో ఏడాది ఆగాలా?

మా పెద్దమ్మాయి స్కూల్లో చేరిన కొత్తలో మూడు వారాలపాటు రోజూ నీళ్ళ సీసా నింపింది నింపినట్టే ఇంటికి వచ్చేది. దాహం వెయ్యడం లేదేమో అనుకున్నాం. ఇంట్లోకి అడుగుపెట్టగానే గటగటా రెండు గ్లాసులు తాగేయడం చూశాక అనుమానం వచ్చి, కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి తేలింది. సీసా మూత బిగుతుగా ఉంది, తన చేతికి రావడం లేదు. "మరి టీచర్‌ని అడగొచ్చుగా తల్లీ" అంటే తల దించుకుంది. అప్పటికి తనకి అక్షరాలన్నీ వచ్చు. వందదాకా తడుముకోకుండా చెప్పేది. అడ్మిషన్ రోజున ఆ వంద అంకెల్నే మేం గొప్పగా చెప్పించాం. ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఇది తీసిపెట్టండి" అనడం వచ్చో రాదో చూడాలని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

తను క్లాసులో అందరికన్నా చిన్నది. ఫలానా రోజుకల్లా ఇన్నేళ్ళు నిండాలని స్కూళ్ళు పెట్టే కటాఫ్ తేదీకి తొమ్మిది రోజుల ముందు పుట్టింది. రెండోవాడి దగ్గరికొచ్చేసరికి, వాడూ ఇంచుమించు అలాంటి తేదీకే పుట్టినా, ఏడాది ఆపాం. రెండు దారుల్లోనూ నడిచాం కాబట్టి ఎందులో ఏం దక్కింది, ఏం పోయింది అన్నది చెప్పగలను.

ముందుగా ఒక మాట. "మా వాడు రెడీనా, కాదా" అని అడుగుతూ కూర్చుంటే జవాబు తేలదు. ఏ పిల్లలూ అన్నిటికీ ఒకేసారి సిద్ధం కారు. మాటల్లో ఆరేళ్ళ పిల్లలా ఉండేది బాత్రూమ్ దగ్గర మూడేళ్ళదైపోతుంది. అందుకని ప్రశ్న మార్చుకుంటే మేలు: వచ్చే ఏడాది పొడుగునా ఈ బిడ్డ పగలంతా ఎక్కడుంటే బాగుంటుంది? ఒక పక్క ఫలానా స్కూలు, ఫలానా క్లాసు, అందులో ఇంతమంది పిల్లలు. ఇంకో పక్క ఇల్లో, ప్లేస్కూలో, అమ్మమ్మ దగ్గరో. ఈ రెండు ఏడాదుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలి.

వయసు ఎంతవరకు చెబుతుంది

మీరుండే చోట రూలు ఏమిటో మొదట చూసుకోండి. కొన్నిచోట్ల మీకు ఎంపికే ఉండదు. ఇంగ్లండ్‌లో నాలుగేళ్ళు నిండాక వచ్చే సెప్టెంబరులో పిల్లలు రిసెప్షన్ క్లాసులో, అంటే అక్కడి బడిలో మొట్టమొదటి క్లాసులో చేరతారు. చట్టప్రకారం తప్పనిసరి అయ్యేది మాత్రం ఐదేళ్ళు నిండాకే. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 మధ్య పుట్టిన పిల్లల్ని ఏడాది ఆగి అదే రిసెప్షన్‌లో చేర్చుకొమ్మని తల్లిదండ్రులు అడగవచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు 1 నాటికో, ఆ చుట్టుపక్కల ఒక తేదీకో ఐదేళ్ళు నిండాలి. ఫిన్లాండ్‌లో ఏడేళ్ళు నిండే సంవత్సరంలో గానీ ఒకటో తరగతి మొదలవదు, అంతకుముందు ఏడాది ప్రీప్రైమరీ ఉంటుంది. భారతదేశంలో 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ళ దాకా ప్రీస్కూలు, ఆరేళ్ళు నిండాక ఒకటో తరగతి అంటోంది. ఒకచోట నాలుగేళ్ళకే యూనిఫాం వేసుకునే వయసు, మరోచోట ఇంకా ఇసుకలో ఆడుకునే వయసు. అంటే ఆ తేదీలో మహత్యమేమీ లేదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు.

పుట్టిన తేదీ కాగితాలు లేని కాలంలో చాలా దేశాల్లో ఒక చేతిని తల మీదుగా పోనిచ్చి అవతలి చెవి అందుతుందేమో చూసేవాళ్ళు. అందితే బడికి, అందకపోతే ఇంటికి. వింటే నవ్వొస్తుంది కానీ, ఆ వయసులో తలకన్నా చేతులు తొందరగా సాగుతాయి కాబట్టి ఈడు అంచనా వెయ్యడానికి అది కాస్త పనికొచ్చేదే. లోపల బిడ్డ ఎలా ఉందో మాత్రం చెప్పేది కాదు. కటాఫ్ తేదీ కూడా అంతే.

అలాగని వయసుని కొట్టిపారెయ్యడానికీ లేదు. ఒకే క్లాసులో అందరికన్నా పెద్దవాడికీ అందరికన్నా చిన్నవాడికీ మధ్య దాదాపు పన్నెండు నెలల తేడా ఉండొచ్చు. ఐదేళ్ళ పిల్లాడికి పన్నెండు నెలలంటే బతికిన బతుకులో ఐదోవంతు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే ఇంకొకటి చూడాలి: డాక్టరు చెప్పిన తేదీకే పుట్టుంటే ఏ క్లాసులో పడేవాళ్ళు? ఆ తేదీ కటాఫ్‌కి అవతల ఉంటే, ఏడాది ఆగడం ఆ బిడ్డని వెనక్కి నెట్టడం కింద లెక్క కాదు.

ఆగితే నిజంగా ఏం దక్కుతుంది

అర్హత ఉన్నా ఏడాది ఆపి పంపడాన్ని అమెరికాలో రెడ్‌షర్టింగ్ అంటారు. అది కాలేజీ ఆటల నుంచి వచ్చిన మాట. ఒక సీజన్ పోటీల్లో దిగకుండా, జట్టుతో ప్రాక్టీసు మాత్రం చేస్తూ బలం పుంజుకునే ఆటగాణ్ణి అలా అంటారు. పేరులోనే ఆశ కనిపిస్తోంది: ఆగితే మా వాడు ముందుంటాడు.

మొదట్లో ముందుంటాడు కూడా. ఆరేళ్ళవాణ్ణీ ఐదేళ్ళవాణ్ణీ ఒకే పరీక్షకి కూర్చోబెడితే ఆరేళ్ళవాడికి ఎక్కువ రావడంలో వింతేముంది? ఆ ఆధిక్యం క్లాసులు పెరిగేకొద్దీ పలచబడుతుంది. నార్వేలో మగపిల్లలకి 18 ఏళ్ళ ప్రాంతంలో సైన్యం పెట్టే తెలివితేటల పరీక్షల మార్కుల్ని తీసుకుని ఆర్థికవేత్తలు లెక్కలు వేశారు. 2011లో అచ్చయిన ఆ పరిశోధనలో బడిలో చేరిన వయసు ప్రభావం చాలా స్వల్పమని తేలింది. ఆ స్వల్పం కూడా ముందు చేరినవాళ్ళ వైపే మొగ్గింది. కాబట్టి మార్కుల కోసం, "క్లాస్ ఫస్ట్" కోసం ఆపాలనుకుంటే, నా మాట విని ఆపకండి.

కుదురు సంగతి వేరు. డెన్మార్క్ పిల్లల మీద 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, ఏడాది ఆలస్యంగా స్కూలు మొదలుపెట్టిన పిల్లల్లో ఏడేళ్ళ వయసుకి నిలకడలేనితనం, అతి చురుకుదనం బాగా తక్కువగా కనిపించాయి. పదకొండేళ్ళకీ ఆ తేడా పోలేదు. ఇది చదివి నేను చాలా ఊరట పడ్డాను, తర్వాత ఒక సంగతి గమనించాను. అక్కడ ఆగిన పిల్లలు ఆ ఏడాది ఊరికే ఇంట్లో కూర్చోలేదు. మంచి శిశు సంరక్షణ కేంద్రాల్లో తోటి పిల్లలతో ఆడుకున్నారు. ఆగిన ఏడాదిలో ఏముందన్నది అక్కడ కీలకం. నాలుగు గోడల మధ్య ఫోను చూస్తూ గడిచిన ఏడాదికి డెన్మార్క్ ఫలితం రాదు.

ఇంకొక లెక్క చూడండి. సెప్టెంబరు 1 కటాఫ్‌గా ఉన్న అమెరికన్ రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టినవాళ్ళు క్లాసులో అందరికన్నా చిన్నవాళ్ళు, సెప్టెంబరులో పుట్టినవాళ్ళు అందరికన్నా పెద్దవాళ్ళు. 2018లో వచ్చిన ఒక వైద్య పరిశోధన ప్రకారం ఆగస్టు పిల్లల్లో ప్రతి 10,000 మందికి దాదాపు 85 మందికి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందని తేల్చారు, సెప్టెంబరు పిల్లల్లో 64 మందికి. నెల తిరిగేసరికి పిల్లల మెదళ్ళు మారిపోవుగా! పక్కనున్న పెద్దపిల్లలతో పోల్చి చూసి, చిన్నతనాన్నే జబ్బు అనుకున్న సందర్భాలు అందులో కొన్ని ఉండే ఉంటాయి. మీ పిల్ల క్లాసులో చిన్నదైతే, "కుదురుగా కూర్చోదండీ" అని టీచర్ అన్నప్పుడు మొదట మీరు అడగాల్సింది: "తన ఈడు పిల్లలు మిగతావాళ్ళు ఎలా కూర్చుంటున్నారు?"

ఇంట్లో ఏం చూడాలి

నా దృష్టిలో అన్నిటికన్నా పైది, సాయం అడగడం. ఇంట్లో మనం అడక్కుండానే చేసేస్తాం. బిడ్డ మొహం చూస్తే మనకి తెలిసిపోతుంది. క్లాసులో ఒక్క మనిషి ఇరవై మొహాలు చూడాలి. బాత్రూమ్‌కి వెళ్ళాలి, కడుపు నొప్పి, ఆ అబ్బాయి తోశాడు – ఈ మూడు మాటలూ బయటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం పని అయినట్టే. నాలుగేళ్ళు దాటిన పిల్లల మాట కొత్తవాళ్ళకి కూడా చాలావరకు అర్థం కావాలి. మీకు తప్ప ఇంకెవరికీ అర్థం కావడం లేదంటే అది ఏడాది ఆగితే తీరేది కాకపోవచ్చు. దాని గురించి కింద చెప్తాను.

రెండోది, ఏడ్చి తేరుకోవడం. ఏడవకుండా ఉండాలని ఎవరూ ఆశించరు. మొదటి వారం గేటు దగ్గర ఏడుపు మామూలే. మీరు కనుమరుగయ్యాక పావుగంటో అరగంటో గడిచేసరికి ఏదో ఒక బొమ్మ వైపు చెయ్యి సాగుతుందా, లేక గంటలకొద్దీ తలుపు వైపే చూస్తోందా? ఇది ఇంట్లో తెలియదు. చుట్టాలింట్లో ఒక పూట వదిలి చూస్తే తెలుస్తుంది.

మూడోది, ఓపిక అంటే ఒంట్లో ఓపిక. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మావాడు నాలుగున్నర దాటినా మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఎక్కడున్నవాడు అక్కడే పడి నిద్రపోయేవాడు. ఒకసారి ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిద్రపోయాడు. మేం చూసిన స్కూలు మధ్యాహ్నం మూడింటిదాకా. పడుకునే వేళ లేదు. వాణ్ణి ఆపాలన్న ఆలోచన నిజానికి ఆ గుమ్మం దగ్గరే మొదలైంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. బాత్రూమ్ పని తనంతట తాను చేసుకోవడం, గుండీలూ జిప్పూ కొంత అటూఇటూ అయినా పర్వాలేదు. "బూట్లు విప్పి, సంచి అక్కడ పెట్టి రా" లాంటి రెండు ముక్కల పని గుర్తుంచుకోవడం. తన వంతు వచ్చేదాకా ఆగడం. పెన్సిల్ పట్టుకోవడం రాకపోతే కంగారు వద్దు, అది నేర్పడానికే కదా పంపేది.

మరి చదువు? 2007లో ఆరు పెద్ద అధ్యయనాల సమాచారాన్ని కలిపి చూసిన ఒక పరిశోధన, బడిలో చేరేనాటికి ఉన్న లెక్కల జ్ఞానమే తర్వాతి చదువుని అన్నిటికన్నా బాగా సూచిస్తుందని, ఆ తర్వాత చదవడం, శ్రద్ధ వస్తాయని చెప్పింది. అల్లరి, బిడియం లాంటివి తర్వాతి మార్కుల్ని పెద్దగా సూచించలేదట. దీన్ని చూసి ఎక్కాలు బట్టీ పట్టించే తల్లిదండ్రులు ఉంటారని నా భయం. ఆ వయసు లెక్కలంటే నాలుగు గవ్వలు చూసి నాలుగని చెప్పడం, ఏ కుప్పలో ఎక్కువున్నాయో గుర్తుపట్టడం, అంతే. మెట్లెక్కుతూ నేర్పే విద్య ఇది, దీనికోసం ఎవరూ ఏడాది ఆగనక్కర్లేదు. నాకైతే అందులో నచ్చిన ముక్క రెండోది: మొదటి నెలలు బెదురుగా గడిపిన పిల్లకి చదువు రాదన్న రూలేమీ లేదు. నీళ్ళ సీసా మూత తీయించుకోలేని మా అమ్మాయి చదువుకి లోటేమీ రాలేదు.

స్కూలు ఎలాంటిదన్నదీ తూకంలో వెయ్యాలి

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక కేంద్రం పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. చెక్క దిమ్మెలు, బంతులు, పాటలు, మొక్కల పెంపకం, ఇవీ అక్కడి పాఠాలు. ఇప్పుడు అదే పేరుతో నడిచే కొన్ని క్లాసుల్లో గంటలకొద్దీ బల్లల ముందు కూర్చుని రాయించడమే ఉంది. పేరు ఒకటే అయినా ఈ రెండూ ఒకటి కావు. ఒకే పిల్లాడు మొదటిదానికి సిద్ధంగా ఉండి రెండోదానికి సిద్ధంగా లేకపోవచ్చు. అప్పుడు మార్చాల్సింది సంవత్సరాన్నా, స్కూలునా అని కూడా ఆలోచించండి.

స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల మీది రంగుల బొమ్మలు చూసి మురిసిపోకండి. ఒక పెద్దమనిషికి ఎంతమంది పిల్లలు, బాత్రూమ్ క్లాసుకి ఎంత దూరం, మధ్యాహ్నం కాసేపు వాలడానికి చోటుందా, మొదటి వారాల్లో పొద్దున్న పూట మాత్రమే ఉంచుకుంటారా అని అడగండి. పిల్ల ఏడిస్తే ఏం చేస్తారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటి చాలు, సగం తేలిపోతుంది. ఒకచోట మాకు "రెండ్రోజులు పట్టించుకోకపోతే అదే అలవాటైపోతుందండీ" అన్నారు. అక్కణ్ణుంచి లేచి వచ్చేశాం.

ఎవరిని పంపాలి, ఎవరిని ఆపాలి

పుట్టినరోజు కటాఫ్‌కి చాలా ముందే ఉండి, పైన చెప్పిన వాటిలో ఒకటి రెండు మాత్రమే తక్కువైతే పంపెయ్యండి. చిన్నచిన్నవి నెలల్లో వచ్చేస్తాయి. బిడియస్తుల్ని ఆపడం వల్ల బిడియం పోతుందనుకోవడం భ్రమ, జనంలో పడితేనే అది కరుగుతుంది. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తూ, ఆపితే పిల్లని చూసుకోవడానికి సరైన మనిషి లేకపోయినా పంపడమే నయం. డబ్బు కూడా కారణమే, దాన్ని కారణంగా చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఒక ఏడాది ఎక్కువ ప్లేస్కూలు ఫీజు అంటే చిన్న విషయం కాదు.

కటాఫ్‌కి కొద్ది వారాల ముందే పుట్టి, ఒంట్లో ఓపిక లేకుండా, స్కూలేమో గంటలకొద్దీ కూర్చోబెట్టేదై, ఆగితే గడపడానికి మంచి చోటుంటే, ఆపండి. ఈ నాలుగూ కలిసినప్పుడు నాకు సందేహం లేదు. రెండే కలిస్తే మధ్యదారి చూడండి: సగం పూట క్లాసు, లేదా పెద్దపిల్లల గ్రూపు ఉన్న ప్లేస్కూలు.

ఆపకూడని పరిస్థితి ఒకటుంది. మాట స్పష్టంగా లేదు, పిలిస్తే పలకడం లేదు, తోటిపిల్లల వైపు చూపే లేదు, ఇలాంటివి ఉంటే "ఏడాది ఆగితే సర్దుకుంటుందిలే" అనుకోవద్దు. ముందు చెవులు పరీక్ష చేయించండి, డాక్టరుకి చూపించండి. చాలాచోట్ల స్పీచ్ థెరపీ లాంటి సాయం స్కూలు ద్వారానే అందుతుంది. అలాంటి చోట ఆపడమంటే సాయాన్నే ఆపడం.

"పంపి చూద్దాం, కుదరకపోతే అదే క్లాసు మళ్ళీ చదివిద్దాం" అనే నాలుగో దారి ఒకటి వినిపిస్తుంటుంది. నాకది అన్నిట్లోకీ బలహీనంగా కనిపిస్తుంది. కిండర్‌గార్టెన్‌నే మళ్ళీ చదివించిన అమెరికన్ పిల్లల మీద 2005లో వచ్చిన ఒక పరిశోధన, వాళ్ళని పై క్లాసుకి పంపి ఉంటే ఇంకా ఎక్కువ నేర్చుకునేవాళ్ళని తేల్చింది. పైగా నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితులు పై గదికి వెళ్ళిపోవడం ఐదేళ్ళవాడికి తెలుస్తుంది. చేర్చకముందే ఏడాది ఆపితే ఆ బాధ ఉండదు.

వేళ గురించి కూడా చెప్పాలి. అడ్మిషన్లు క్లాసులు మొదలవడానికి నెలల ముందే పెడతారు. ఆరేడు నెలల్లో ఈ వయసు పిల్లలు గుర్తుపట్టలేనంత మారిపోతారు. వీలైతే సీటు తీసి ఉంచుకుని, ఆఖరి నిర్ణయం చివరి నెలదాకా తీసుకోకండి. ఫీజు వెనక్కిస్తారో లేదో ముందే కనుక్కోండి. ప్లేస్కూలు టీచర్ ఏమంటుందో వినండి. ఇరవైమందిలో మన పిల్ల ఎలా ఉంటుందో చూసింది ఆమే, మనం చూడలేదు.

మా ఇద్దరి సంగతీ చెప్పి ఊరుకుంటాను. అమ్మాయిని ఇప్పుడైనా అదే ఏడాది పంపేదాన్ని. కాకపోతే ఆ వేసవంతా అంకెలు మానేసి, షాపుల్లో, పార్కుల్లో తన నోటితో తనే అడిగేలా అలవాటు చేసేదాన్ని, తేలిగ్గా తిరిగే మూతున్న సీసా కొనేదాన్ని. వాణ్ణి ఆపినందుకు బాధ లేదు కానీ అంతా బంగారం కాదు. ఆ ఏడాది రెండో సగంలో ప్లేస్కూలు బొమ్మలన్నీ పాతబడిపోయి విసుక్కునేవాడు. ఇప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగు, ఫోటోల్లో ఎప్పుడూ వెనక వరసే. అది వాడికి అస్సలు నచ్చదు.

ఆపుతున్నప్పుడు "నువ్వింకా చిన్నవాడివి, నీకు రాదు" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూసుకున్నాం. చుట్టాలడిగితే వాడి ఎదురుగా "వచ్చే ఏడాది చేరుస్తున్నాం" అని అక్కడితో ఆపేసేవాళ్ళం. వాడికి మాత్రం, ఈ ఏడాది ప్లేస్కూల్లో అందరికన్నా పెద్దవాడివి నువ్వే అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే సాయంత్రం గేటు నేనే మూస్తానా?" అన్నాడు. అక్కడ గేటు మూసే పని ఎప్పుడూ పెద్దపిల్లలదే. నేను ఔనన్నాను, మర్నాడు పొద్దున్నే వాళ్ళ టీచర్‌కి ఫోన్ చేసి ఆ పని వాడికే ఇవ్వమని అడిగాను.